రెండు మాటల మధ్య జాగా

సత్తు పళ్ళేన్ని అరుగు మీద పెట్టి, చేతికర్ర కొసతో ముందుకు నెట్టింది ఆదిశేషమ్మ.

"తిను."

కామాక్షమ్మ పళ్ళెం వంక చూడలేదు. అత్త వంక చూసింది.

"వెంగమ్మను ఎప్పుడు తెస్తారు?"

"మళ్ళీ అదే మాట! నిన్నా అడిగినావు, మొన్నా అడిగినావు. ఆత్మకూర్లో వాళ్ళ పెదనాయన ఇంట్లో సల్లంగా ఉండాదని చెప్తానే ఉండాను. నీ తలకాయలో నిలిస్తే గదా!"

"నిలిచింది. ఆరు దినాలైంది. బిడ్డ యాడుందో అడగలా నేను. ఎప్పుడు తెస్తారని అడిగినా."

ఆదిశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వారం నుంచి కోడలితో మాట్లాడేటప్పుడల్లా ఆ కొంగు నోటికి అడ్డం రావాల్సిందే.

పళ్ళెం సంగతి కామాక్షమ్మకు బాగా తెలుసు. మొన్నటిదాకా దాంట్లో బర్రెకు తవుడు కలిపేవాళ్ళు. అంచున ఒకచోట సొట్ట. పక్కనే నీళ్ళకు కొబ్బరిచిప్ప. పదకొండేళ్ళు ఆ ఇంట్లో వండి వార్చిన కోడలికి, ఉదయగిరిలో సగం వీధులకు అఆలు దిద్దించిన టీచరమ్మకు, ఇప్పుడు తవుడు పళ్ళెంలో కూడు.

చెయ్యి కాలితే ఎవరికైనా మందు రాస్తారు. కామాక్షమ్మ చేసిన నేరమల్లా చెయ్యి కాలినా ఏడవకపోవడం.

పోయిన ఆదివారం పొయ్యి మీది అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా ఎడమచేత్తో పట్టుకొని గంజి వంచింది. వంచుతానే ఉంది. చెయ్యి కాలతా ఉందని ముక్కు చెప్పింది గానీ చెయ్యి చెప్పలేదు. చూసి కేక పెట్టింది ఆదిశేషమ్మ. ఆ వేళకు ఆత్మకూరు నుంచి వచ్చి పంచలో కూర్చోనుండిన పెద్దకొడుకు పెంచలనరసయ్య లేచి నిలబడి, "ఇంక ఈ ఇంట్లో బిడ్డ ఉండేదానికి లేదు," అన్నాడు. ఆ సాయంత్రం బస్సుకే ఆరేళ్ళ వెంగమ్మ పెదనాయన వెంట వెళ్ళిపోయింది.

"ఊరంతా చెప్పుకుంటన్నారు," ఆదిశేషమ్మ కొంగు చాటునుంచే మొదలుపెట్టింది. "హాజరు పిలవాలంటే ఈమెకు పిల్లకాయల పేర్లు రావంట. వాళ్ళే వరసాగ్గా చెయ్యెత్తి, 'ఫలానా, ప్రెజెంట్ టీచర్' అని ఎవురి పేరు వాళ్ళే చెప్పుకోవాలంట. చలికాలం నుంచి ఇదే బాగోతమంట. అదేం బడి?"

"పేర్లు తెలుసు అత్తా. మొకం చూస్తే తెలుసు. నాలిక కొసకొచ్చి నిలబడిపోతాది. కాసేపు ఆగితే వస్తాది."

"అన్నీ కాసేపే నీకు! పొద్దున బాగుంటావు. మిట్టమధ్యాహ్నం పొయ్యి కాడికి రమ్మంటే కన్ను మసకంటావు. సల్లబడేసరికి మళ్ళీ కన్ను బాగయిపోతాది. రోగమైతే వేళ చూసుకొని వస్తాదా? ఎవురికి చెప్తావు ఈ కతలు?"

"వేడి తగిలితే మసకేస్తాది. మద్రాసులో డాక్టరు కూడా..."

"ఆ డాక్టరు ఏం చెప్పినాడో మావాడు చెప్పినాడు లే!"

మావాడు లోపల గోడకు ఆనుకొని అన్నం కలుపుతున్నాడు. జనార్దనయ్య ఆయిలింజన్లు బాగుచేస్తాడు. వింజమూరు నుంచి కూడా మనుషులొచ్చి పిలుచుకుపోతారు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం పది దినాల నుంచి ఆయన నోట్లోంచి వచ్చింది ఒకే ఒక్క మాట. ఆ మాటే ఇంత చేసింది.

"ఏమయ్యా, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పు," అంది కామాక్షమ్మ.

కలుపుతున్న చెయ్యి ఆగింది.

"చెప్పినా గదా."

"మళ్ళీ చెప్పు."

"పెద్దరోగం అన్నాడు."

ఆదిశేషమ్మ కర్రతో నేల మీద ఒక్కటి పొడిచింది. విన్నావా అన్నట్టు.

"ఆ డాక్టరు యా ఊరాయన?"

"మలయాళం ఆయన."

"తెలుగు వచ్చా ఆయనకు?"

"ఏదో... అరవం కలిపి మాట్లాడినాడు."

"పెద్దరోగం అన్నాడా? పెద్ద... రోగం అన్నాడా?"

జనార్దనయ్య తలెత్తినాడు. ఆదిశేషమ్మ నవ్వింది.

"రెంటికీ తేడా ఏందే?"

"మధ్యలో జాగా ఉండాది అత్తా. పెద్ద చెరువంటే చెరువు పెద్దదని. పెద్ద రోగమంటే రోగం పెద్దదని. రెండో తరగతి పిల్లకాయకు చెప్తే తెలుస్తాది. మనం కుష్ఠును ఆ పేరు పెట్టి పిలుచుకుంటామని మలయాళం ఆయనకు ఎట్ట తెలుస్తాది?"

"మరి చెయ్యి కాలితే తెలవలేదే?"

"అది వేరే..."

"వేలికి పిన్నీసు గుచ్చుకుంటే తెలవలేదే?"

"చెప్పేది ఇనత్తా..."

"అన్న ఊరికే తీసకపోయినాడా బిడ్డను..." లోపల్నుంచి జనార్దనయ్య కూడా అందుకున్నాడు.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కామాక్షమ్మకు మాటలు మాటలుగా వినబడటం మానేసి చాలా దినాలైంది. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు వినబడతాయి. ఏ రాయి ఎవరిదో తెలియదు. ఏదో ఒక మాట పట్టుకుందామని చెయ్యి చాచేలోపల నాలుగు మాటలు దాటిపోతాయి. అంతలో ఎదుటివాళ్ళు, "చూడు, జవాబు లేదు," అంటారు.

"ఒక్కొక్కళ్ళు మాట్లాడండి," అంది గట్టిగా. బళ్ళో అన్నట్టే అంది.

ఇద్దరూ ఆగినారు.

"రోగం నాది. డాక్టరు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, నిన్ను లోపలికి పిలిచి చెప్పినాడు. ఎద్దును పశువుల డాక్టరు కాడికి తోలకపోతే చెప్తారే, అట్ట. సరే, పోనీ. కాయితం ఇచ్చినాడు గదా, అది యాడుండాది?"

"అన్నకిచ్చినా. ఇంగిలీషులో ఉండాది. ఎవురిచేతనన్నా చదివిస్తాడని."

"ఇంట్లో ఇంగిలీషు చదివిన పెండ్లాం ఉంటే, ఆత్మకూర్లో ఉండే అన్న చదివించాలా?"

జనార్దనయ్య మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టినాడు.

"ఏందే వాడి మీద ఎగురుతావు?" ఆదిశేషమ్మ కర్ర ఊపింది. "తవుడు పళ్ళెమని ఏడస్తన్నావు గదా. పోయినేడు మీ బళ్ళో చదివే ఆ రెబెకమ్మకు వీపున మచ్చ కనబడితే, దాన్ని గడప పక్కన ఒంటిగా కూర్చోబెట్టింది ఎవురు? నువ్వు గాదా? అప్పుడు న్యాయంగా ఉండిందే!"

చెయ్యి కాలితే తెలియని మనిషికి ఈ దెబ్బ తెలిసింది.

కామాక్షమ్మ గోడ పట్టుకొని లేచింది. కాళ్ళ వంక చూసుకుంది. చూసుకుంటేగానీ పాదం నేల మీద ఉందో గాల్లో ఉందో ఆమెకు తెలియదు. పళ్ళెం తీసుకొని, ఒక్కో అడుగూ చూసి వేస్తా పోయి, దొడ్లో కట్టేసిన బర్రె ముందర పెట్టింది.

"దాని పళ్ళెం దానికిచ్చినా. నేను ఆత్మకూరు పోతన్నా."

*

బస్సులో ఆమె కూర్చున్న సీట్లో ఇంకొకరికి జాగా ఉంది. నిలబడి ఉన్నవాళ్ళు తొమ్మిదిమంది.

ఒకామె చంకలో బిడ్డతో కమ్మీ పట్టుకొని ఊగతా ఉంది గానీ ఆ జాగాలో కూర్చోలేదు. కామాక్షమ్మ ఆమెకు రెండో తరగతిలో ఎక్కాలు చెప్పింది. ఎనిమిదో ఎక్కం దగ్గర ఎప్పుడూ తప్పేది. ఆ సంగతి గుర్తుంది. పేరు మాత్రం రాలేదు.

జనార్దనయ్య వెనక తలుపు నుంచి ఎక్కినాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. వెనకే నిలబడినాడు.

ఎండ కిటికీలోంచి దూసుకొస్తా ఉంది. ఎడమకన్నులో మసక మొదలైంది. ఆమె వెంట తెచ్చుకున్న తడిగుడ్డను నెత్తిన వేసుకుంది.

రెండో స్టాపులో ఒకాయన సైకిలు టాపు మీద వేయించి, రుమాలుతో మెడ తుడుచుకుంటా ఎక్కినాడు. మదార్ సాహెబ్. కుష్ఠు సర్వే ఉద్యోగం. ఏడాదికోసారి బడికొచ్చి, పిల్లల చొక్కాలు విప్పించి, వీపులూ చేతులూ వెతుకుతాడు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు మచ్చల సారు.

"ఏం టీచరమ్మా, సీటంతా నీకే రాసిచ్చినారా?" అంటా పక్కన కూలబడినాడు.

"దూరంగా కూర్చోండి సార్. నాకు పెద్దరోగం. మీకు తెలీదా?"

"నా లిస్టులో ఎక్కకుండా ఈ ఫిర్కాలో ఎవురికొస్తాది పెద్దరోగం? ఎవురు పర్మిషన్ ఇచ్చినారు?"

వారంలో మొదటిసారి కామాక్షమ్మకు నవ్వొచ్చింది. నవ్వతా నవ్వతానే కళ్ళనీళ్ళొచ్చినాయి. ఆయన అది చూడనట్టు, "చెయ్యి ఇట్టియ్యి," అన్నాడు.

మోచేతి లోపలి నరాన్ని వేళ్ళతో తడిమినాడు. చెవి వెనక చూసినాడు. కళ్ళు మూసుకోమని, జేబులోంచి దూదిపింజ తీసి ముంజేతి మీద అక్కడక్కడా ఆనించినాడు.

"తగిలినప్పుడల్లా చెప్పు."

ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన ఆరుసార్లు ఆనించినాడు.

"ఇంకేం తెలుస్తాది నీకు?"

ఆ మాట ఎవరూ అడగలేదు అంతవరకు. కామాక్షమ్మ మెల్లగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటా చెప్పింది. రొమ్ము చుట్టూ తాడు వేసి ఎవరో బిగించినట్టుంటాది. మెడ వంచి పుస్తకం చూస్తే వీపులోంచి కాళ్ళదాకా కరెంటు పోతాది. చన్నీళ్ళు పోసుకుంటే కాగిన నీళ్ళు పోసినట్టు చురుక్కుమంటాయి. అరచేతిలో చింతగింజ పెడితే, చూడకుండా అది గింజో, రాయో, అసలు ఏమన్నా ఉందో లేదో చెప్పలేదు. పిల్లకాయలు ఇద్దరు ఒకేసారి అరిస్తే ఇద్దరిదీ వినబడదు. బోర్డు మీద సగం లెక్క చేసినాక, ఆ సగం ఎందుకు చేసిందో మర్చిపోతాది.

"మచ్చ లేదు. నరం లావు కాలేదు," అన్నాడు మదార్ సాహెబ్. "నేను డాక్టర్ని కాదు. కానీ పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. మేం చూసేది ఒక వీధిలో దీపం పోయినట్టు ఉంటాది. నీది అట్ట కాదు. ఒకసారి ఈ వీధి, ఒకసారి ఆ వీధి. కరెంటాఫీసులోనే తేడా ఉండాది."

"అయితే మీరొచ్చి మా బావకు చెప్పండి సార్. నాకు ఆ రోగం లేదని అందరి ముందరా చెప్పండి. నా బిడ్డను నాకిస్తాడు."

ఆయన రుమాలు మడత పెట్టుకున్నాడు.

"చెప్తా. కానీ ఒకటడగతా టీచరమ్మా. ఉంటే? నీకు నిజంగానే ఆ రోగం ఉన్నింటే, పళ్ళెం వేరు పెట్టొచ్చా? బిడ్డను ఎత్తకపోవచ్చా? ఆ రెబెకమ్మ మాత్రలు మింగింది. మచ్చ తగ్గింది. బడికి పోవచ్చు, అందరితో కూర్చోవచ్చు అని నేనే చీటీ రాసిచ్చినా. నువ్వు దాన్ని గడప దగ్గర్నుంచి లేపినావా? మూడుసార్లు చెప్పినా నీకు."

"నాలుగుసార్లు."

"అది మటుకు గుర్తుందే!"

"గుర్తుంది సార్," అంది కామాక్షమ్మ. తడిగుడ్డ మొహం మీదికి లాక్కుంది. ఆత్మకూరు వచ్చేదాకా తీయలేదు.

*

పెంచలనరసయ్యది పశువుల దాణా అంగడి. అంగడి వెనకే ఇల్లు. మనిషి మెత్తగా మాట్లాడతాడు. తూకం దగ్గర ఎంత నవ్వతాడో, ఇంట్లోనూ అంతే నవ్వతాడు.

"రామ్మా కామాక్షీ, రా. ఇంత ఎండలో ఎందుకొచ్చినావు? చీటీ పంపితే నేనే వచ్చేవాణ్ణి గదా."

నవ్వతానే స్టూలు తెప్పించి, వాకిట్లో వేయించినాడు. నడి ఎండలో. తను పంచలో నీడన కూర్చున్నాడు.

లోపలి తలుపు మూసి ఉంది. పక్కన కిటికీ. కిటికీ ఊచల వెనక కొత్త గౌను, నున్నగా దువ్విన రెండు జడలు. వెంగమ్మ. దాని భుజం మీద ఒక చెయ్యి. ఆ చెయ్యి పెంచలనరసయ్య భార్య మస్తానమ్మది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆమె ఒళ్ళో ఒక బిడ్డ ఆడింది లేదు.

"అమ్మా!" అంది వెంగమ్మ. భుజం మీది చెయ్యి ఆ బిడ్డను కొంచెం వెనక్కి లాగింది.

అంగట్లో ఉన్న నలుగురూ, పక్కింటివాళ్ళూ అప్పుడే వాకిట్లోకి చేరినారు. జనార్దనయ్య గేటు దగ్గరే ఆగిపోయినాడు.

ఆమె వెంట వచ్చిన మదార్ సాహెబ్ నాన్చలేదు. "పెంచలనరసయ్యా, నేను చూసినా. టీచరమ్మకు కుష్ఠు లేదు. ఉన్నా బిడ్డను దూరం చేసే పనిలేదు, అది వేరే సంగతి. లేదు. కావాలంటే సంతకం పెట్టి కాయితం రాసిస్తా."

వాకిట్లో గుసగుసలు లేచినాయి. కామాక్షమ్మ బావ మొహం వంకే చూస్తా ఉంది. ఆశ్చర్యపడతాడనుకుంది. సిగ్గుపడతాడనుకుంది.

పెంచలనరసయ్య తలకాయ ఊపినాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పెద్దరోగం కాదని తెలుసు సాహెబూ. మద్రాసు కాయితాన్ని నేను శనివారమే చదువుకున్న వాళ్ళచేత చదివించినా. ఇది దానికంటే ఘోరం." జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి అందరికీ కనబడేటట్టు పట్టుకున్నాడు. "మల్టిపుల్... ఏందో స్క్లీరోసిస్ అంట. మెదడుకూ వెన్నుకూ వచ్చే జబ్బు. మతిమరుపొస్తాది, మనసు ఒకచోట నిలవదు అని రాసినారు. పెద్దరోగానికి మాత్రలన్నా ఉండాయి. దీనికి అవీ లేవు."

శనివారం అన్నాడు. కామాక్షమ్మ ఆ ఒక్క మాటను పట్టుకుంది. చుట్టూ జనం మాట్లాడతా ఉన్నారు. డబ్బాలో రాళ్ళు మొదలైనాయి. ఆమె వాటిని వదిలేసి, ఎడమచెయ్యి ముందుకు చాచి, కుడిచేత్తో ఒక్కో వేలూ పట్టుకుంది. పట్టుకున్నట్టు ఎడమచేతికి తెలియదు కాబట్టి, కళ్ళతో చూస్తా లెక్కపెట్టింది. బుధవారం మద్రాసు నుంచి వచ్చింది. గురువారం. శుక్రవారం. శనివారం. ఆదివారం.

"బావా."

"ఏమ్మా?"

"శనివారం చదివించినావు. ఆదివారం మా ఇంటికొచ్చినావు. నా చెయ్యి కాలింది. నాకు పెద్దరోగం కాదని నీకు తెలుసు. తెలిసి కూడా, ఈ ఇంట్లో బిడ్డ ఉండకూడదని నువ్వే అన్నావు. నీ ఎదురుంగానే అత్త తవుడు పళ్ళెం కడిగింది. కాదమ్మా, అది వేరే జబ్బు అని ఒక్కమాట అన్నావా?"

పెంచలనరసయ్య నవ్వు కొంచెం సన్నబడింది.

"ఏమని చెప్పేది? నీ కోడలికి మెదడు పోతా ఉండాదని ముసల్దానికి చెప్పాల్నా? నీ పరువు కాపాడదామనే..."

"కుష్ఠని ఊరంతా అంటా ఉంటే కాపాడినావా నా పరువు?"

"సరే, తప్పే అనుకో. అందరూ ఉండారు, ఒకటడగతా. మసిగుడ్డ లేకుండా అన్నం గిన్నె పట్టుకుంది ఈమె. చెయ్యి ఉడికినా తెలవలేదు. రేపు కాగే నీళ్ళతో బిడ్డకు స్నానం చేయిస్తే? ఎవురు పూచీ? నాకేమన్నా సొంతానికా?"

ఎవరో అవునన్నారు. ఇంకెవరో పాపమన్నారు. అదీ నిజమే గదా అని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే కామాక్షమ్మకు ఒళ్ళు మండింది. ఆమె భయాన్ని తీసుకొనిపోయి ఆమె మీదికే విసిరినాడు. కాగే నీళ్ళ సంగతి ఆమెకు తెలియదా? చలికాలం నుంచి వెంగమ్మచేతనే, "నీళ్ళు చూసి చెప్పమ్మా," అని అడిగి పోస్తా ఉందే.

"కాయితం ఇట్టియ్యి బావా. నేను చదువుతా."

ఇచ్చినాడు. ఎండలో తెల్లటి కాయితం, దాని మీద చీమలబారు. ఎడమకన్నులో పొగ. కుడికన్నులో నీళ్ళు.

"చదువమ్మా," అన్నాడు మెత్తగా.

ఆమె స్టూలు మీద నుంచి లేచింది. పంచ మెట్లు రెండు. పాదాల వంక చూసుకుంటా రెండూ ఎక్కింది. రమ్మని ఎవరూ అనలేదు. నీడలో, బావ కుర్చీకి పక్కనే, నేల మీద కూర్చుంది. నెత్తి మీది గుడ్డ ఎండిపోయింది. మదార్ సాహెబ్ తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి తడిపి ఇచ్చినాడు.

"కాసేపు ఆగండి," అంది.

ఆగినారు. తొట్టి దగ్గర కాకి నీళ్ళు తాగి పోయింది. పెంచలనరసయ్య కుర్చీ కిర్రుమంది. ఒక్కొక్క అక్షరం కాయితం మీదికి తిరిగొచ్చి నిలబడింది.

కామాక్షమ్మ వేలు పెట్టుకొని, లోపల ఇంగ్లీషులో చదువుకొని, పైకి తెలుగులో చెప్పింది. పాఠం చెప్పినట్టే.

"జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గవచ్చు. నిజమే, రాసుండాది. ఇది అంటుకునే జబ్బు కాదు. అదీ రాసుండాది. ఇంటివాళ్ళు సాయంగా ఉంటే ఆమె తన పనీ ఉద్యోగమూ చేసుకోవచ్చు." తలెత్తింది. "మొదటి లైను చదివి మిగతా రెండూ ఎందుకు మింగినావు బావా? అవీ ఇంగిలీషులోనే ఉండాయి గదా?"

అంగడి దగ్గర ఎవరో పకాలున నవ్వినారు.

ఆమె కాయితాన్ని తిప్పింది. వెనకవైపు పెన్నుతో గీసిన బొమ్మ ఒకటుంది. ఒక తీగ. దాని మీద తొడుగు. తొడుగు అక్కడక్కడా ఊడిపోయి లోపలి తీగ బయటపడి ఉంది. పక్కన మెరుపు గుర్తు.

ఆ బొమ్మ ఎవరికోసం గీసిందో ఆమెకు అర్థమైంది. తొడుగూడిన తీగ అంటే ఏందో, అది ఒకసారి పని చేసి ఒకసారి ఎందుకు చెయ్యదో, ఆనాడు డాక్టరు ఎదురుగా కూర్చున్న ఇంజన్ల మెకానిక్కుకు చెప్పాలని గీసిన బొమ్మ. ఆయనకు అర్థం కాకపోవడమనేది ఉండదు.

గేటు వంక చూసింది. జనార్దనయ్య తల వంచుకున్నాడు.

"సరేనమ్మా," పెంచలనరసయ్య లేచి నిలబడినాడు. నవ్వు పూర్తిగా పోయింది. "అంత బాగుంటే ఇంకేం. పిలుచుకో నీ బిడ్డను. పేరు పెట్టి పిలువు. వస్తే తీసకపో, నేను అడ్డం రాను."

ఎంత సులువైన మాట! వాకిట్లో జనమంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

కామాక్షమ్మ కిటికీ వైపు తిరిగింది. రెండు జడలు. కొత్త గౌను. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఏడేళ్ళ కింద నర్రవాడ తల్లికి మొక్కుకొని, కన్నాక ఆ తల్లి పేరే పెట్టుకున్న బిడ్డ. అంతా తెలుసు. నోరు తెరిచింది.

పేరు రాలేదు.

వస్తా ఉంది. నాలిక కొసన ఉంది. కాసేపాగితే వస్తుంది. కానీ అందరూ చూస్తా ఉన్నారు. రొమ్ము చుట్టూ తాడు బిగిసింది. డబ్బాలో రాళ్ళు.

"చూసినారా!" అన్నాడు పెంచలనరసయ్య. అరవలేదు. మెత్తగానే అన్నాడు. "కన్నబిడ్డ పేరు..."

కిటికీ ఊచల మధ్యలోంచి ఒక చిన్న చెయ్యి పైకి లేచింది.

"జి. వెంగమ్మ. ప్రెజెంట్ టీచర్."

బళ్ళో చెప్పినంత గట్టిగా చెప్పింది. చెప్పి, చెయ్యి దించలేదు. టీచరు రిజిస్టర్లో టిక్కు పెట్టేదాకా దించకూడదని వాళ్ళ తరగతిలో లెక్క.

కామాక్షమ్మ తల ఊపింది. టిక్కు పెట్టినట్టు గాల్లో వేలు ఆడించింది. అప్పుడు దించింది ఆ బిడ్డ.

"దానికి తెలుసు బావా," అంది కామాక్షమ్మ. మాట తడబడలేదు. "నాకు రాని మాటను ఎట్ట అందియ్యాలో ఆరేళ్ళ పిల్లకు తెలుసు. దాన్నే సాయం అంటారు. కాయితంలో మూడో లైను."

అందరూ ఒక్కసారి మొదలుపెట్టినారు. ముసలాయన ఏదో అంటున్నాడు, మదార్ సాహెబ్ చెయ్యి ఊపతా ఏదో అంటున్నాడు, పెంచలనరసయ్య తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాడు.

"ఒక్కొక్కళ్ళు!" కామాక్షమ్మ అరిచింది. "ఒక్కొక్కళ్ళు మాట్లాడండి. ముందు ఆయన."

వేలు గేటు వైపు చూపించింది.

"ఏమయ్యా. ఈ బొమ్మ డాక్టరు నీకు గీసిచ్చింది. నీకు అర్థమైంది. అది నేనడగను. శనివారం మీ అన్న ఈ కాయితం చదివించినప్పుడు నువ్వు పక్కనుండినావా? లేవా? ఒక్క మాట చాలు."

జనార్దనయ్య అన్న వంక చూసినాడు. కిటికీ వంక చూసినాడు. గ్రీజు మరకల చేతుల్ని పంచెకు తుడుచుకున్నాడు.

"ఉండినా," అన్నాడు.

అప్పుడే లోపలి తలుపుకు గడియ కదిలిన చప్పుడైంది. కిటికీలో బిడ్డా లేదు, మస్తానమ్మా లేదు. ఆ గడియ తీసిందో, వేసిందో, ఎంత చెవి పెట్టినా కామాక్షమ్మకు తెలియలేదు.